కల్లం చెయ్యి

ఊళ్ళో అత్తలందరూ అల్లుళ్ళ చెడ్డతనం చూసి భయపడతారు. జానీబీ మాత్రం అల్లుడి మంచితనం చూసి భయపడింది.

తాగడు. పేకాడడు. నల్లపాడు స్టేషను దగ్గర ఆటో తోలుకుని సాయంత్రం నాలుగుంబావుకల్లా ఇంటికొచ్చి పడతాడు. పోనీ వచ్చినవాడు నలుగురు మగాళ్ళలా మంచమెక్కి ఫోను చూసుకుంటాడా అంటే అదీ లేదు. తనకు పుట్టని పిల్లకి తల దువ్వుతాడు, అన్నం తినిపిస్తాడు, పలక మీద అక్షరాలు దిద్దిస్తాడు. ఇన్ని మంచి గుణాలు ఒక్క మగాడిలో కుప్పపోసి ఉన్నాయంటే, ఆ కుప్ప అడుగున ఏదో ఉండి తీరాలని జానీబీ నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ముప్పై ఏళ్ళుగా ఆమె బతుకు మిరప కల్లంలోనే తెల్లవారింది. ఎండిన కాయ పక్కన ఆడవాళ్ళని వరసగా కూచోబెట్టి తొడిమలు తీయించే ముఠాకి ఆమె మేస్త్రి. పైన గలగలలాడే కాయ పోసి అడుగున తడికాయ దాచే రైతుల్నీ, సగం కాయలు తొడిమలతోనే వదిలేసి పైకి నవ్వే కూలీల్నీ చూసీ చూసీ, మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టడం నేర్చుకుంది. చెయ్యి మోచేతి దాకా గుట్టలోకి దూర్చి చూడనిదే ఏ కాయా మంచిదని ఒప్పుకోదు. ఇక మనుషుల సంగతి చెప్పేదేముంది!

ఆమెకి ఒక్కతే కూతురు, షమా. మొదటి మొగుడు ఇషాక్ బిడ్డ కడుపులో ఉండగానే ఇంకొకదాన్ని చూసుకుని కనిగిరి వైపు పోయాడు. పోయినవాడు మళ్ళీ రాలేదు. ఆ బిడ్డ సిద్దికాకి నాలుగేళ్ళు నిండాక, అంటే నిరుడు, షమాకి సలీంతో రెండో నికా అయింది. సంబంధం తెచ్చింది జానీబీయే. "దిక్కులేనిదానికి దేవుడు చూపించిన దిక్కు" అని నూర్‌బాషాల వీధంతా చెప్పుకు తిరిగిందీ ఆమే. ఆ మాట ఇప్పుడెవరైనా గుర్తుచేస్తే మాత్రం ఊరుకోదు.

పొలం నుంచి కాయ రాక కల్లానికి సెలవైన ఒక రోజు పొద్దున ఆమెకి అనుమానం మొదలైంది. అరుగు మీద మనవరాలిని ముందు కూచోబెట్టుకుని జడ వేస్తోంది. జుట్టు పైకెత్తగానే మెడ కింద, గౌను అంచు దగ్గర, ఎర్రగా నాలుగు చారలు కనిపించాయి. వేలితో తాకితే పిల్ల ముడుచుకుపోయింది.

"ఏందే ఇది?"

"పడ్డా."

"పడితే మోకాలు చీరుకుపోద్ది. వీపు ఎర్రబడుద్దా? ఎవరు కొట్టారే?"

సిద్దికా తన కాలివేళ్ళు చూసుకుంది. తర్వాత చిన్నగా, "నాన్న చెప్పొద్దన్నాడు," అంది.

జానీబీ చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆ పిల్లకి నాన్న అంటే సలీం ఒక్కడే. ఇషాక్ ముఖం దానికి తెలీదు.

ఆ రోజు నుంచి జానీబీ నిఘా మొదలుపెట్టింది. ఆమె ఇల్లు కూతురింటికి నాలుగిళ్ళ అవతల. నాలుగింటికి ముఠా మళ్ళీ పనిలో కూచోగానే టీ తాగొస్తానని ఇంటికొచ్చి, వాకిట్లో నులకమంచం వీధివైపు తిప్పి వేసుకుంది. చూడదలచుకున్నవాళ్ళకి చూడడానికి కొదవేముంది? సలీం రోజూ ఇంటికొస్తూ వీధి మొదట్లో యలమంద టీ కొట్టు దగ్గర ఆగి ఒక పెరుగు ప్యాకెట్ కొంటాడు. మాఘమాసపు చలిలో సాయంత్రం పూట పెరుగెందుకు? ఇంట్లోకి వెళ్ళగానే తలుపు మూసి గడియ పెడతాడు. ఊరంతా తలుపులు తీసుకుని కూచునే వేళ ఈయనకి గడియెందుకు? ఒకసారి గోడ పక్కగా వెళ్తూ చెవి ఒగ్గితే లోపల పిల్ల సన్నగా ఏడుస్తోంది. సలీం గొంతు తగ్గించి ఏదో చెప్తున్నాడు. మాటలు వినబడలేదు. వినబడని మాటల్ని జానీబీయే పూరించుకుంది.

కూతుర్నే అడిగేద్దామనుకుంది. కల్లంలో షమా పక్కన చతికిలబడి, కాయ ఏరుతున్నట్టు నటిస్తూ, "నీ మొగుడు పిల్లని ఏమన్నా అంటున్నాడా ఏందే?" అంది.

షమా వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ ఆడాయి. "ఆయన జోలికి పోకమ్మా," అంది తలెత్తకుండా.

మొగుడికి భయపడే ఆడది అనే మాట ఇదేనని జానీబీ తేల్చేసుకుంది. ఇక కూతుర్ని కదిలించి లాభం లేదు.

కానీ కడుపులో మాట దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. యలమంద చెవిన వేసింది. యలమందకి చెప్పడం, మైకులో చెప్పడం ఒకటే.

"నేను ముందే అనుకున్నానక్కా," అన్నాడు యలమంద టీ తిరగబోస్తూ. అతనికి ముందు తెలియని సంగతంటూ ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. "మారుతండ్రి! కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? రోజూ పెరుగు కొంటున్నప్పుడే నాకు అనుమానం."

"పెరుక్కీ దానికీ ఏంటి సంబంధం?"

"ఏమో! ఏదో ఉంటది."

నాలుగు రోజులు తిరిగేసరికి వీధిలో ఆడవాళ్ళు సలీం ఆటో ఖాళీగా ఉన్నా ఎక్కడం మానేశారు. అతను కనిపిస్తే ఆడుకునే పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. ఒక సాయంత్రం యలమంద గాల్లోకి చూస్తూ, "ఆడపిల్లలున్న కొంపలు జాగర్తగా ఉండాలిరా నాయనా," అన్నాడు. సలీం సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, పెరుగు ప్యాకెట్ తీసుకుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని కొట్టు దగ్గర నవ్వుకున్నారు. తిరగబడి అరిచినా వాళ్ళు అదే అనేవాళ్ళు.

ఇంతలో హెలెన్ వచ్చింది. వీధి చివర అంగన్‌వాడీ సెంటర్‌లో టీచరు. పాతికమంది పిల్లల ముక్కులు తుడిచి, గుడ్డు తినిపించి, పాటలు పాడించే మనిషి. జానీబీ ఇంటికి ఎప్పుడూ రానిది, ఆ వేళ వచ్చి గడప మీదే కూచుంది.

"పెద్దమ్మా, సిద్దికా ఈమధ్య సెంటర్లో అన్నం ముట్టడం లేదు. మూడున్నరకి ఇంటి బెల్లు కొట్టగానే బల్ల కిందకి దూరుతోంది. బయటికి లాగడానికి నా తలప్రాణం తోకకొస్తోంది."

"మారాం. గారాబం ఎక్కువ."

"వీపు చూశాను."

"పడింది," అంది జానీబీ వెంటనే.

"ఎక్కడ?"

"అరుగు మీంచి."

"అరుక్కి వేళ్ళుంటాయా పెద్దమ్మా?" అంది హెలెన్ మెల్లగా. "ఇంట్లో ఏం జరుగుతోందో నాకు చెప్పండి. మీరొక్కరే మొయ్యొద్దు. పిల్లని మీ దగ్గర్నించి లాక్కుపోవడానికి అడగట్లేదు."

ఆ చివరి మాటే జానీబీని భయపెట్టింది. లాక్కుపోనని అడక్కుండానే చెప్పిందంటే, లాక్కుపోయే ఆలోచన ఎక్కడో ఉన్నట్టేగా? సెంటర్ గోడ మీద పిల్లల కోసం అని ఏదో ఫోను నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరుకి ఎవరో చెప్తే దాచేపల్లి వైపు ఒక పిల్లని జీపెక్కించుకుని పోయారని ఫోనులో ఒక మెసేజి తిరిగింది. ఏ పిల్లో, ఎవరి పిల్లో, అసలు జరిగిందో లేదో ఎవరికీ తెలియదు. కానీ ఆ మెసేజి విన్న రాత్రి జానీబీకి నిద్ర పట్టలేదు. సిద్దికా లేని ఇల్లు ఆమెకి ఊహకి కూడా అందదు.

"మా ఇంటి సంగతులు నీకెందుకు టీచరమ్మా? గుడ్లు సరిగ్గా పంచు, చాలు," అంది.

హెలెన్ కోపం తెచ్చుకోలేదు. "సరే. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు రండి," అని లేచింది. "మీరు రాకపోతే రెండు రోజుల్లో నేనే మళ్ళీ వస్తా."

బెదిరించిందో, ధైర్యం చెప్పిందో జానీబీకి అర్థం కాలేదు. ఏదైనా కానీ, రెండు రోజులే ఉంది. పిల్లల్ని తీసుకుపోయే ఆఫీసు వాళ్ళ కాలు ఇంట్లో పడకముందే తానే తేల్చెయ్యాలి. అల్లుడిని కొడుతుండగానే పట్టుకోవాలి, నలుగురిలో చెప్పుతో కొట్టాలి, తలాకు చెప్పించాలి, కూతుర్నీ మనవరాలినీ తన ఇంటికి తెచ్చుకోవాలి. ఆమె పన్నిన పథకం అంతే.

మర్నాడు జ్వరమని చెప్పి కల్లానికి వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళలో ఆమె జ్వరానికి కల్లం మానడం అదే మొదలు. పిల్లని ఒంటరిగా పట్టుకునే వ్యవధి సలీంకి నాలుగుంబావు తర్వాతే అని ఆమె లెక్క కట్టింది. ఎందుకంటే మూడున్నరకి షమా కల్లం నుంచి లేచి, సెంటర్‌కి పోయి పిల్లని తెచ్చి, ఇంట్లో అన్నం పెట్టి, బయట గొళ్ళెం వేసి, నాలుగింటికల్లా మళ్ళీ కల్లంలో కాయ పరిచిన పట్టా మీద కూచోవాలి. అరగంట సెలవు. నిమిషం దాటినా మేస్త్రి జానీబీ ఊరుకోదు. కూతురని వదిలేసిందని ముఠాలో ఎవరూ ఒక్క మాట అనకూడదు. అందుకే మిగతా వాళ్ళ మీద కన్నా షమా మీద రెండింతలు అరుస్తుంది.

ఆటో చప్పుడు వినగానే జానీబీ మంచం దిగింది. యలమంద, ఇంకో ముగ్గురు కొట్టు దగ్గర సిద్ధంగా ఉన్నారు. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని గోడవారగా వెళ్ళారు. లోపల గడియ పడి ఉంది.

కిటికీ రెక్క సందులోంచి జానీబీ చూసింది. సిద్దికా గోడవైపు తిరిగి ముక్కాలిపీట మీద కూచుని ఉంది. వీపు మీద గౌను గుండీలు తీసి ఉన్నాయి. సలీం వెనక గొంతుక్కూచుని గిన్నెలో గుడ్డ ముంచుతున్నాడు.

"వద్దు నాన్నా, మంట, మంట!" పిల్ల గింజుకుంటోంది.

"అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం. గట్టిగా ఏడవబాక, బయటికి వినబడుద్ది."

అంతే. జానీబీ కేక వేసింది. యలమంద తలుపుని ఒక్క తన్ను తన్నాడు. పాత గడియ ఊడి వచ్చింది. ఏం జరుగుతోందో సలీంకి తెలిసేలోపే చెంపమీద ఒకటి, వీపు మీద రెండు పడ్డాయి. చొక్కా చిరిగింది. గిన్నె బోర్లా పడి తెల్లగా మజ్జిగ గదంతా పారింది. జానీబీ మనవరాలిని ఎత్తి గుండెకి హత్తుకుంది. వీపు నిమిరింది. "నా తల్లీ, నా బంగారుతల్లీ" అని వెక్కివెక్కి ఏడ్చింది. అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

కళ్ళు భగ్గుమన్నాయి.

రెప్ప తెరవలేకపోయింది. ముక్కు కారింది. చెంపలు మండాయి. మిరప మంటని జానీబీకి ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. కానీ ఆ రోజు ఆమె కల్లం మొహమే చూడలేదు. పొద్దున తలంటు పోసుకుంది. ఆ చేతికి ఈ ఘాటు ఎక్కడిది? ఒక కన్ను తెరిచి పిల్ల వీపు దగ్గరికి ముక్కు పెట్టింది. వేళ్ళ గుర్తులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వాటిలోంచి కొత్త కాయ వాసన గుప్పుమంది.

ఆమె వెళ్ళి సలీం రెండు చేతులూ పట్టుకుని వాసన చూసింది. ఆటో గ్రీజు. పెరుగు. అంతే.

కల్లం చెయ్యి పిల్లకి తగిలితే మజ్జిగతో కడగాలని ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. రోజూ పెరుగు ప్యాకెట్ ఎందుకో అందరికన్నా ముందు తెలియాల్సింది మేస్త్రి జానీబీకి. ఆ ఇంట్లో కల్లం చెయ్యి ఒక్కరికే ఉంది.

సలీం ఆమె మొహంలోకి చూశాడు. ఆమెకి అర్థమైందని అతనికీ అర్థమైంది. "అత్తా," అన్నాడు పెదవులు కదిలీ కదలకుండా, "వదిలెయ్. నేనే అనుకోనీ."

యలమంద ఫోను తీశాడు. "పోలీసోళ్ళకి చెప్తున్నా. ఊరంతా సాక్ష్యం," అన్నాడు. అప్పటికే వాకిలి నిండిపోయింది.

జానీబీ నిలబడిపోయింది. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు. ఎవరూ ఆమెని అబద్ధం చెప్పమనడం లేదు. ఊరికే నోరు మూసుకుంటే సరిపోతుంది. సలీం పరాయివాడు, షమా కడుపున పుట్టింది. వాడే ఒప్పుకుంటున్నాడు కూడా. సిగ్గుచేటైన నిజం ఏమిటంటే, జానీబీకి ఆ ఆలోచన రావడమే కాదు, చాలా తీయగా తోచింది.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ షమా వచ్చింది. ఎవరో కల్లానికి పరిగెత్తి కబురు చెప్పినట్టున్నారు. చేతులు మోచేతుల దాకా ఎర్రటి పొడి. "ఏమైంది? సిద్దూ!" అని చేతులు చాచింది.

సిద్దికా అమ్మమ్మ చంకలోంచి జారి, పరిగెత్తి, చొక్కా చిరిగిన సలీం వెనక దాక్కుంది.

జానీబీకి ఇంక దారి లేకపోయింది. ఈ పూట సలీంని పంపించేస్తే రేపు మూడున్నరకి ఆ పిల్ల ఎవరి వెనక దాక్కుంటుంది?

"యలమందా, ఫోను లోపల పెట్టు," అంది. "వాడు కాదు."

"మరి నువ్వేగా అక్కా..."

"నేనే. పుకారు పుట్టించిందీ నేనే, కాదని చెప్తున్నదీ నేనే. వాడు దెబ్బలకి మందు రాస్తున్నాడు. మనం వాణ్ణి కొట్టాం. మగాళ్ళంతా బయటికి పోండి. ఎవరన్నా పోయి హెలెన్ టీచర్‌ని తీసుకురండి."

హెలెన్ వచ్చేసరికి గదిలో నలుగురే ఉన్నారు. షమా గోడకి ఆనుకుని కూలబడి ఉంది. సలీం పిల్లకి మిగిలిన పెరుగు రాస్తున్నాడు. గుమ్మం బయట ఆడవాళ్ళు గుంపుగా నిలబడ్డారు. వాళ్ళని పొమ్మనడానికి ఎవరికీ ఓపిక లేదు.

"నా కూతురే టీచరమ్మా," అంది జానీబీ.

షమా ఒక్కసారిగా అరిచింది. "అరగంట! అరగంటమ్మా! తేవాలి, పెట్టాలి, పోవాలి. అది ముద్ద బుగ్గన పెట్టుకుని కూచుంటది. మింగదు. నువ్వక్కడ టైం చూసుకుంటా నిలబడి ఉంటావు. చెయ్యి కడుక్కునే తీరికెక్కడ? చెయ్యి లేస్తది. లేచాక ఆగదు. మళ్ళీ పట్టా మీద కూచుని ఏడుస్తా. ఘాటుకి ఏడుస్తున్నాననుకుంటారు అందరూ."

"పని తొందరైతే పసిదాన్ని చంపుతావంటే?" జానీబీ గొంతు కూడా లేచింది. "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు! నన్ను అడగొచ్చుగా, గంట ఇమ్మని?"

"నిన్నా?" షమా నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగోలేదు. "ఏడేళ్ళప్పుడు కల్లంలో మేక పడితే తోలలేదని నా కళ్ళల్లో కారం పెట్టలా నువ్వు? రెండు రోజులు నాకు కళ్ళు కనబళ్ళా. చచ్చానా? బతికాగా! నువ్వే చెప్తావుగా అందరికీ."

అవును. చెప్తుంది. పెళ్ళిళ్ళలో, కల్లంలో, కాన్పుకొచ్చిన ఆడపిల్లల దగ్గర ఎన్నిసార్లు చెప్పిందో. మా షమా కళ్ళు అంత తళతళలాడతాయెందుకో తెలుసా, చిన్నప్పుడు ఒకసారి కారంతో తోమాను అని. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. షమా కూడా నవ్వేది. గుమ్మం దగ్గరున్న ఆడవాళ్ళలో ఆ కథ విననివాళ్ళు లేరు. నవ్వనివాళ్ళూ లేరు. ఇప్పుడు ఒక్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కొందరు తమ పిల్లల గురించి ఆలోచిస్తున్నారేమో.

హెలెన్ సలీం వైపు తిరిగింది. "నువ్వు మందు రాశావు. మాట మాత్రం దాచావు. పిల్లతో కూడా దాయించావు. అదీ తప్పే."

"మారుతండ్రిని టీచర్," అన్నాడు సలీం. "నేను చెప్తే ఎవరు నమ్ముతారు?"

హెలెన్ వెళ్ళి షమా ముందు కూచుంది.

"షమా, నేను పైవాళ్ళకి చెప్పకుండా ఉండలేను," అంది హెలెన్. షమా రెండు చేతులతో తల పట్టుకుంది. "ఉండు. విను. చెప్పేటప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పిల్లని కనిపెట్టి ఉండడానికి ఇక్కడ ఎంతమంది ఉన్నారు, ఏం చేస్తారు అని. అది మీరు చేసి చూపించాలి. నేను కల్పించి చెప్పలేను." గుమ్మం వైపు తిరిగింది. "మూడున్నర నుంచి మీరు కల్లం దిగేదాకా, ఇలా గొళ్ళెం పెట్టిన ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలున్నారు?"

ఒకామె రెండు వేళ్ళు చూపించింది. ఇంకొకామె, "నాకొకడు," అంది. అలా అలా పదకొండు మంది తేలారు.

కాయ కాలం అయిపోయేదాకా సెంటర్ వరండా రాత్రి ఏడింటి దాకా తెరిచి ఉంచుతానంది హెలెన్. రోజుకొక తల్లి వంతున, చేతులు కడుక్కుని మూడింటికే కల్లం దిగి అక్కడ కూచోవాలి. ఆ మనిషిని మేస్త్రి వదలాలి. కాయ సొంతదారు గురునాథం మొదట్లో సణిగాడు. "అయితే ముఠా అంతా రేపట్నించి రాదు, మీరే తీసుకోండి తొడిమలు," అంది జానీబీ. ఆయన తన తెల్లని చేతులు చూసుకుని సరేనన్నాడు.

బుధవారం ఆఫీసు నుంచి ఒకావిడ జీపులో వచ్చింది. సిద్దికాతో విడిగా మాట్లాడింది, షమాతో మాట్లాడింది, సలీంతో మాట్లాడింది. ఆమె ఉన్నంతసేపూ జానీబీ చూపు జీపు తలుపు మీదే ఉంది. కొన్నాళ్ళపాటు పిల్లతో షమా ఒక్కతే ఉండకూడదనీ, వారం వారం వచ్చి చూస్తాననీ, షమాని గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపిస్తాననీ చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. పిల్ల ఎక్కని ఆ జీపు వీధి మలుపు తిరిగేదాకా జానీబీ గుమ్మం వదల్లేదు. వచ్చే వారం ఏం చేస్తారోనన్న అనుమానం మాత్రం అలాగే ఉంది. పుట్టుకతో వచ్చింది ఒక్క వారంలో పోదుగా.

సలీం దగ్గరికి వెళ్ళి, "తప్పైంది నాయనా," అంది. అతను ఆటో అద్దం తుడవడం ఆపలేదు. "తప్పైందని ఎవరూ లేనప్పుడు చెప్తే ఏం లాభం అత్తా? పొద్దున్నే నా ఆటో ఎక్కు. వీధిలో అందరూ చూడాల," అన్నాడు. రోజూ కల్లానికి నడిచి వెళ్ళే జానీబీ, ఆ రోజు నుంచి ముందు సీట్లో అతని పక్కన కూచుని, యలమంద కొట్టు ముందు కావాలని ఆపించి, టీ తాగి మరీ వెళ్తోంది.

మూడో వారంలో వరండా వంతు జానీబీకి వచ్చింది. పిల్లలు పలకలు పంచుకుని కొట్టుకుంటున్నారు. ఆరున్నరకి షమా వచ్చింది. మజ్జిగతో కడిగి, కొబ్బరినూనె పట్టించిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వరండా చివర కూచుంది. పిల్లని పిలవలేదు. రోజూ అలాగే వచ్చి కూచుంటుంది. సిద్దికా రోజూ అలాగే వంతుకి వచ్చినామె ఒళ్ళోనో, టీచరు పక్కనో ఉండిపోతుంది.

"అమ్మమ్మా," అంది సిద్దికా పలక కింద పెట్టి. "చిన్నప్పుడు నువ్వు మా అమ్మ కళ్ళల్లో కారం పెట్టావంటగా?"

జానీబీ చుట్టూ చూసింది. తప్పించుకునే మాట ఒక్కటీ దొరకలేదు. "పెట్టాను," అంది.

"అమ్మ ఏడ్చిందా?"

"ఏడ్చింది. బాగా ఏడ్చింది."

"అప్పుడు నువ్వేం చేశావు?"

పసిపిల్లకి చెప్పడానికి ఒక మంచి అబద్ధం జానీబీ నోటిదాకా వచ్చింది. మజ్జిగతో కడిగానని చెప్పొచ్చు. ఎత్తుకున్నానని చెప్పొచ్చు.

"నవ్వానమ్మా," అంది.

సిద్దికా కాసేపు ఆమె మొహంలోకే చూసింది. తర్వాత లేచి, వరండా చివరికి నడిచి వెళ్ళి, వాళ్ళమ్మ పక్కన కూచుంది.